ఫోటో తీసేయమన్నది ఎవరి కోసం?

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న ఆమె కూతురు ఒక సెమిస్టర్ కోసం ఏప్రిల్‌లో జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్ళింది. స్నేహితులతో పక్క దేశం చెక్ రిపబ్లిక్‌లోని ప్రాగ్ చూడడానికి వెళ్ళి, అక్కడ చార్ల్స్ వంతెన మీద దిగిన ఫోటో ఒకటి పెట్టింది. పక్కన ఒక అబ్బాయి ఉన్నాడు. తల్లి ఆడపడుచు అది చూసి, "చదువుకోమని పంపారా, ఊళ్ళు తిరగమనా?" అని కుటుంబ వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ అడిగారు. తల్లి చెప్పగానే అమ్మాయి ఫోటో తీసేసింది. ఆనాటి నుంచి ఫోన్ చేయడం మానేసి "తిన్నాను", "క్లాసులో ఉన్నాను" అని రెండు ముక్కలు పంపి ఊరుకుంటోంది. జూలై మొదటి వారంలో భార్యాభర్తలు, వారితో ఆడపడుచు, అమ్మాయిని చూడడానికి వెళ్ళాలనుకుంటున్నారు. మేనత్త ముందు ఎలా మసలుకోవాలో, తిరుగుళ్ళు ఎలా తగ్గించుకోవాలో కూతురు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలన్నది ఈ తల్లి ప్రశ్న.

అమ్మా, చెప్పకండి. మీరడిగిన దానికి నా జవాబు ఇంతే.

మీరు అడగని సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో రెండు పేజీలు మీ ఆడపడుచు గురించే ఉన్నాయి. గృహప్రవేశానికి మీరు కట్టుకున్న చీర రంగు ఆవిడే చెప్పారు. అమ్మాయి ఓణీల వేడుకకు ముహూర్తం ఆవిడే పెట్టించారు. కాలేజీలో ఏ బ్రాంచి తీసుకోవాలన్నదీ ఆవిడ మాటే. ఇవన్నీ పూసగుచ్చినట్టు రాశారు. మే నెలలో అమ్మాయికి జ్వరం వస్తే తనే డాక్టరు దగ్గరకు వెళ్ళి, మందులు తెచ్చుకుని, పెసరపప్పు చారు కాచుకుని తాగిందన్న మాట మాత్రం ఒక్క వాక్యంలో ముగించారు. మన ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికి అందించవలసి వచ్చేదని రాసింది మీరే కదా! ఆ పిల్ల భాష రాని ఊళ్ళో ఒంటి మీద జ్వరంతో నిలదొక్కుకుంది. నేనైతే ఆ సంగతి పదిమందికి చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

మరొకటి కూడా మీ ఉత్తరంలోనే ఉంది. డ్రెస్డెన్‌లోని ఫ్రౌవెన్‌కిర్షె అనే పెద్ద చర్చి 1945 ఫిబ్రవరిలో బాంబు దాడుల తర్వాత కూలిపోయింది. దాన్ని మళ్ళీ కట్టి 2005లో తెరిచారు. శిథిలాల్లో దొరికిన పాత రాళ్ళను కూడా గోడల్లో వాడారు కాబట్టి లేత రంగు గోడల మధ్య నల్లటి రాళ్ళు కనిపిస్తాయి. "ఆ రాళ్ళు ఎందుకు నల్లగా ఉన్నాయో తెలుసా అమ్మా?" అని మీ అమ్మాయి గొంతు రికార్డు చేసి పంపింది. దానికి మీ జవాబు, "అత్తయ్య చూసింది, ముందు ఆ ఫోటో తీసెయ్." ఆమె మాటలు తగ్గిపోవడానికి కారణం వెతుక్కుంటున్నారు. కారణం ఇదే.

ఆడపడుచును గౌరవించవద్దని నేను అనను. పండగకు పిలవాలి, పసుపు కుంకుమ ఇచ్చి చీర పెట్టాలి, ఆవిడ వస్తే ఎదురెళ్ళాలి. మన ఇళ్ళలో అది తప్పదు, తప్పకూడదు కూడా. తల్లి పోయాక మీవారిని ఆవిడే పెంచారని రాశారు. అది చిన్న విషయం కాదు. కానీ ఆ ఋణం మీవారిది. ఆయన తీర్చుకుంటారు, మీరు చేతనైనంత తోడుండండి. మీ కూతురి చేత ఆ ఋణం తీర్పించే హక్కు మీ ఇద్దరిలో ఎవరికీ లేదు. పెళ్ళయిన 23 ఏళ్ళలో మీరు ఒక్కసారి కూడా "వదినా, ఇది నేను చూసుకుంటాను" అనలేదని నాకు అర్థమవుతోంది. మీరు అనలేని మాటకు మీ అమ్మాయి తల వంచాలా?

ఆ అబ్బాయి ఎవరో నన్నడిగారు. నాకెలా తెలుస్తుంది? అమ్మాయిని అడగండి. అడిగేముందు, జవాబు ఏదైనా కేకలు వేయకుండా వినగలనని నిశ్చయించుకోండి. అలాగే, పొద్దున్న ఆరింటికి లేవగానే ఫోన్ చేస్తే ఎత్తదని నొచ్చుకున్నారు. ఇప్పుడు అక్కడికీ మనకూ మూడున్నర గంటల తేడా. మీకు ఆరైతే ఆమెకు అర్ధరాత్రి దాటి రెండున్నర.

వేరే దేశంలో అడుగు పెడితే వీసా రద్దవుతుందని మీ ఆడపడుచు భయపెట్టారట. అది నిజం కాదు. జర్మనీ ఇచ్చిన దీర్ఘకాల వీసా ఉన్నవాళ్ళు మిగతా షెంగెన్ దేశాల్లో, అంటే ఉమ్మడి వీసా ఒప్పందంలో ఉన్న యూరప్ దేశాల్లో, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఉండవచ్చు. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కు రైల్లో రెండున్నర గంటలే, మనం ఇక్కడి నుంచి మైసూరు వెళ్ళివచ్చినట్టు. అంత దగ్గరలో ఉన్న ఊరు చూడకుండా గదిలో కూర్చుంటే ఆ సెమిస్టర్ అక్కడ చదవడమెందుకు?

మీరు వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. కానీ జూలై మొదటి వారంలో వద్దు. వాళ్ళ వేసవి సెమిస్టర్ తరగతులు జూలై మధ్య దాకా ఉంటాయి, వెంటనే పరీక్షలు. అమ్మాయి ఏ తేదీలు చెబితే అవే ఖాయం చేసుకోండి. మీరూ మీవారూ మాత్రమే వెళ్ళండి. వీసా దరఖాస్తు కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి, వేసవి రద్దీలో ఇంకా ముందే ఇవ్వడం మంచిది. 30,000 యూరోల వైద్య బీమా కూడా తీసుకోవాలి. ఆమె హాస్టల్ గదిలో సర్దుకుంటామని రాశారు. వద్దు, హోటల్ తీసుకోండి. ఆదివారం అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి పొడులు, పచ్చళ్ళు పట్టుకెళ్ళండి. అక్కడికి వెళ్ళాక రైలు టికెట్టు ఆమెనే కొననివ్వండి, దారి ఆమెనే చూపించనివ్వండి, మీరు వెనక నడవండి. ఆ నల్లరాళ్ళ సంగతి మళ్ళీ చెప్పమని అడగండి.

మీ ఆడపడుచుకు ఎవరు చెప్పాలి? "అక్క వస్తానంటే వద్దంటామా?" అని మీవారు అన్నారట. ఆయనకు ముందు తెలియజేయండి, అనుమతి అడగకండి. తరవాత మీరే ఫోన్ చేసి, "వదినా, ఈసారి మేమిద్దరమే వెళ్తున్నాం. పాప గురించి ఏమైనా అనాలనిపిస్తే నాతో అనండి, గ్రూపులో అనకండి" అని మెల్లగా, స్పష్టంగా చెప్పండి. ఆవిడ అలుగుతారు. అలగనివ్వండి. దసరాకు మీరే వెళ్ళి పిలుచుకు రండి.

ఉత్తరం చివర, ఆగస్టులో అమ్మాయి తిరిగి రాగానే వదినగారు తెచ్చిన హైదరాబాదు సంబంధం వాళ్ళు చూడడానికి వస్తారని, ఆ సంగతి అమ్మాయికి ఇంకా చెప్పలేదని రాశారు. చదువు ఇంకో ఏడాది ఉంది. ఆ పెళ్ళిచూపులు వద్దని కూడా అదే ఫోనులో చెప్పేయండి.