ఓదార్పుకు తొందరపడకు

అమ్మాయీ,

మెల్‌బోర్న్ నుంచి నువ్వు పంపిన రచన రెండుసార్లు చదివాను. బలవంతపు దత్తతల వల్ల విడిపోయిన తల్లుల కోసం, బిడ్డల కోసం చర్చిలో జరిగిన స్వస్థత ఆరాధన గురించి రాశావు. కొవ్వొత్తులు, కీర్తనలు, కన్నీళ్లు అన్నీ ఉన్నాయి. చివరికి అందరూ మనసు తేలికపడి ఇళ్లకు వెళ్లారన్నావు. నా అభ్యంతరం అక్కడే.

వాళ్లను ఆ బల్లల మీదికి చేర్చిన సంగతులు నీ రచనలో లేవు. 'ఆ రోజుల్లో పెళ్లికాని తల్లులు బిడ్డలకు దూరమయ్యారు' అని ఒక్క వాక్యంతో దాటేశావు. వరదలో కొట్టుకుపోయినట్టు వాళ్లంతట వాళ్లు దూరం కాలేదు, మనుషులు పనిగట్టుకుని విడదీశారు. నలుగురిలో పరువు పోతుందని కన్నవాళ్లే గర్భవతి అయిన కూతుర్ని దూరంగా ఏదో ఆశ్రమానికి పంపేశారు. అలాంటి ఆశ్రమాలను క్యాథలిక్, ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ నడిపాయి. కాన్పు గదిలో తల్లికి బిడ్డ కనిపించకుండా ముఖానికి అడ్డంగా దిండో దుప్పటో పట్టుకున్నారు. పాలు ఇంకిపోవడానికి మందులిచ్చారు. మత్తు వదలకముందే కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ సంతకాన్ని వెనక్కి తీసుకోవడానికి గడువు ఉందన్న మాట చాలామందికి చెప్పనే లేదు. 'మరిచిపో, పెళ్లి చేసుకో, మళ్లీ పిల్లలు పుడతారు' అని ఇంటికి పంపేశారు.

ఆ దిండు దగ్గర ఆగు. దాన్ని పట్టుకున్న చేతులు ఎవరివి? అలా పట్టుకోమని ఎవరు చెప్పారు? పక్క గదిలో ఏడుపు వినిపిస్తుంటే ఆ తల్లి ఏమడిగింది, వాళ్లేం జవాబిచ్చారు? కొవ్వొత్తుల వర్ణనకు నువ్విచ్చిన చోటంతా దీనికివ్వు.

మన పాఠకులకు మరో సంగతి కూడా విడమరచి చెప్పాలి. దత్తత అనగానే మనకు అక్క బిడ్డను చెల్లెలు పెంచుకోవడం గుర్తొస్తుంది. ఆ బిడ్డ కన్నతల్లి కళ్లెదుటే తిరుగుతుంటుంది. ఆస్ట్రేలియాలో అప్పటి పద్ధతి వేరు. పాత జనన పత్రాన్ని మూసిపెట్టి, పెంచేవాళ్లే కన్నవాళ్లన్నట్టు కొత్తది రాసిచ్చేవారు. తల్లి మనసులో పెట్టుకున్న పేరు కూడా మారిపోయేది. పెరిగి పెద్దయిన ఆ బిడ్డలకు తమ పుట్టుక వివరాలు తెలుసుకునే హక్కు, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 1984 చట్టంతో గాని రాలేదు. ఒంటరి తల్లులకు కేంద్ర ప్రభుత్వం భృతి మొదలుపెట్టింది 1973లో. అంతకుముందు 'నా బిడ్డను నేనే పెంచుకుంటాను' అన్న పిల్లకు కూడు, గూడు ఎక్కడివి? ఈ లెక్క తెలియని పాఠకుడు ఆ తల్లినే తప్పుపడతాడు.

ఇక ఆరాధన సంగతి. మన ఊళ్లలో స్వస్థత కూటమంటే ప్రార్థన చేయించుకుని, బాగైందని మైకులో సాక్ష్యం చెప్పడం. నువ్వు చూసిన చోట అలాంటి సాక్ష్యం ఎవరూ చెప్పలేరు. పైగా స్వస్థత ఇస్తామని పిలిచింది ఒకప్పుడు గాయం చేసిన సంఘాలే. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 2010లో, క్యాథలిక్ ఆసుపత్రుల సంస్థ 2011లో క్షమాపణ చెప్పాయి. 2012లో ఈ దత్తతల మీద ఆస్ట్రేలియా పార్లమెంటు ఎగువసభ (సెనేట్) కమిటీ నివేదిక వచ్చింది. 2013 మార్చి 21న కాన్‌బెర్రాలో ప్రధాని జూలియా గిలార్డ్ దేశం తరఫున క్షమాపణ కోరారు. క్షమాపణ చెప్పడం గొప్ప విషయమే, కాదనను. కానీ దాన్ని అందుకోవాలా వద్దా అన్నది ఆ తల్లుల ఇష్టం, పెరిగిన ఆ బిడ్డల ఇష్టం. చర్చి గురువుగారి కంఠం వణికిందని రాశావు. ఆయన ఏం ఒప్పుకున్నారో మాత్రం రాయలేదు. ఆశ్రమం పేరు చెప్పారా? 'తప్పులు జరిగాయి' అని ఊరుకున్నారా, 'మేం చేశాం' అన్నారా? నీ పాఠకుడికి కావలసింది అది.

లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడిపోయిన పెద్దావిడ గురించి ఒక్క ముక్క రాసి వదిలేశావు. నాకు ఆమె ముఖ్యం. రాహేలు అనే తల్లి తన పిల్లల కోసం ఏడుస్తూ ఓదార్పును ఒప్పుకోలేదని బైబిల్లో యిర్మీయా ప్రవక్త చెప్పాడు. ఆ రాహేలును ఎవరూ తప్పుపట్టలేదు. ఈవిడ ఎందుకు లోపలికి రాలేదో కనుక్కో. చెప్పనంటే, చెప్పనన్నదని రాయి. ఆమెను చర్చి మెట్లెక్కించే బాధ్యత నీ రచనకు లేదు.

కొవ్వొత్తి వెలిగించిన ఆ నడివయసు మనిషిని కూడా మళ్లీ కలువు. పెంచిన తల్లి అంటే ప్రాణమని, కన్నతల్లిని వెతుకుతున్నానని ఒకే మాటలో చెప్పాడు కదా. నువ్వు అందులో ఒక సగాన్నే ఉంచావు. రెండూ ఉండాలి.

అచ్చుకు పంపేముందు ఒక పని చెయ్యి. నీతో మాట్లాడిన ప్రతి తల్లికీ, తన గురించి రాసిన భాగాన్ని చదివి వినిపించు. కొందరు భర్తకు, తర్వాత పుట్టిన పిల్లలకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పి ఉండరు. పేరు మార్చినంత మాత్రాన చాలదు, ఊరు, నెల, ఆసుపత్రి కలిస్తే ఇంట్లోవాళ్లు పోల్చుకుంటారు. వద్దన్న భాగం ఎంత బాగా కుదిరినా తీసెయ్యి. మిగిలింది నాకు పంపు, చదువుతాను.

ఆశీస్సులతో.