వెనిస్ నల్ల రిసోట్టోకి ఆ రంగు ఎలా వస్తుంది?

రిసోట్టో అంటే ఇటలీలో జారుగా వండే అన్నం వంటకం. ఆ నలుపు కటిల్‌ఫిష్ అనే సముద్ర జీవి సిరాది. బియ్యం మామూలు తెల్ల బియ్యమే. స్క్విడ్‌కు దగ్గరి జాతి అయిన ఈ జీవి ప్రమాదం ఎదురైతే సిరా చిమ్మి తప్పించుకుంటుంది. అందులో ఉండేది మెలనిన్, మన జుట్టుకు నలుపునిచ్చే పదార్థమే. అందుకే కొంచెం వేసినా గిన్నె మొత్తం కాటుకలా మారిపోతుంది.

వెనిస్‌లో కటిల్‌ఫిష్‌ని శుభ్రం చేసేటప్పుడు సిరా తిత్తి చిట్లకుండా తీసి పక్కన పెడతారు. ఉల్లిపాయ, ఆలివ్ నూనె, వైట్ వైన్‌తో ముక్కలు మెత్తబడ్డాక సిరా కలుపుతారు. తర్వాత వెరోనా ప్రాంతంలో పండే వియలోనే నానో బియ్యం వేసి, వేడి చేపల స్టాక్ (చేపలు ఉడికించిన రసం) గరిటె గరిటె పోస్తూ ఉడికిస్తారు. జారుగా రావాలి, పొడిపొడిగా ఉంటే అది రిసోట్టోనే కాదు.

చాలామంది దీన్ని నల్ల బియ్యమనో, ఫుడ్ కలర్ అనో అనుకుంటారు. రెండూ కావు. తిన్నాక పళ్లు నల్లబడటం మాత్రం నిజమే, కానీ అది కాసేపే.