వాడి పొగరుతో పేచీ లేదు, గజ్జల్లో నొప్పితోనే నా టెన్షన్

"బార్సిలోనా ఫుట్‌బాల్ కుర్రాడు లమీన్ యమాల్‌కి ప్రతిభ ఉంది సరే, ఆ పొగరుతో మెస్సీ అంత ఆటగాడు, అంత పెద్ద బ్రాండ్ కాగలడా?" అని అడిగారు.

2025 అక్టోబరు క్లాసికో, అంటే బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ పోరు, చూశాక వచ్చిన ప్రశ్న అని తెలుస్తూనే ఉంది. మ్యాచ్‌కి ముందు ఒక లైవ్‌లో కూర్చుని రియల్ మాడ్రిడ్ వాళ్ళు దోచుకుంటారు, పైగా వాళ్ళే ఏడుస్తారు అన్నట్టు నోరు జారాడు. తీరా మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబ్యూలో బార్సిలోనా 2-1తో ఓడింది. విజిల్ పడగానే మాడ్రిడ్ ఆటగాడు కార్వహాల్ దగ్గరికొచ్చి, తెగ వాగుతావుగా అన్నట్టు చేత్తో సైగ చేశాడు. ఇక తోపులాట. మర్నాటి నుంచి అందరూ ఆ కుర్రాడికి వినయం పాఠాలు చెప్పేవాళ్ళే.

వాడి నోరు వాడికి మేలే చేసిందని నేనంటాను. నాకీ నమ్మకం కుదిరింది యూరప్ దేశాల కప్పు, 2024 యూరో సెమీఫైనల్ రాత్రి.

జులై 9న మ్యూనిక్‌లో స్పెయిన్, ఫ్రాన్స్. మనకి అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. మల్కాజిగిరిలో మా అక్కావాళ్ళింట్లో హాల్లో లైటు ఆర్పేసి, టీవీ మ్యూట్‌లో పెట్టి నేనూ మా మేనల్లుడూ చూస్తున్నాం. వాడూ 2007లోనే పుట్టాడు, యమాల్ కంటే నెలన్నర పెద్ద. ఇంటర్ సెకండియర్. తెల్లారితే కాలేజీలో టెస్టు. లోపల గదిలో బావ గురక పెడుతున్నాడు కాబట్టి ధైర్యం.

మ్యాచ్‌కి ముందు ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ రాబియో, ఫైనల్ ఆడాలంటే యమాల్ ఇప్పటిదాకా చూపించింది చాలదు అన్నాడు. దానికి ఈ కుర్రాడు ఇన్‌స్టాలో పెట్టిన జవాబు: చడీచప్పుడు లేకుండా కదులు, చెక్‌మేట్ చెప్పేటప్పుడే నోరు విప్పు. మా మేనల్లుడు అది నాకు చూపించి "మామా, వీడు గోల్ కొట్టకపోతే పరువు పోతుంది" అని గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

తొమ్మిదో నిమిషంలో ఫ్రాన్స్ గోల్. ఇరవై ఒకటో నిమిషంలో బాక్స్ బయట బంతి యమాల్ కాళ్ళ దగ్గరికొచ్చింది. ఎదురుగా ఎవరనుకున్నారు? ఆ రాబియోనే. అటు వెళ్తున్నట్టు ఒళ్ళు కదిపి, ఇటు జరిగి, ఎడమకాలితో వంపు తిప్పి కొట్టాడు. బంతి స్తంభం లోపలి అంచుకి తగిలి గోల్లో పడింది. పదహారేళ్ళ 362 రోజులు. యూరో చరిత్రలో అంత చిన్న వయసులో గోల్ కొట్టినవాడు అంతకుముందు లేడు. మావాడు అరవకుండా దిండు కొరికాడు. నేనే కాలితో టీపాయ్ తన్ని స్టీలు గ్లాసు కింద పడేశాను.

బావ లేచి వచ్చాడు. "ఏరా, రేపు వాడికి టెస్టుంది. నీకైనా బుద్ధుండక్కర్లా?"

"నాన్నా, వాడికీ నా వయసేగా" అన్నాడు మావాడు టీవీ వైపు చూపిస్తూ.

"వాడికి చదువు లేదేంటి?"

నేను నోరు మూసుకోవాల్సింది. "చదువుతాడు బావా, హోంవర్క్ కూడా జర్మనీ పట్టుకెళ్ళాడు, స్కూలు పరీక్ష పాసయ్యాడట" అనేశాను. అయిపోయింది. ఆ రోజు నుంచి ఏడాది పాటు ఆ ఇంట్లో యమాల్ పేరెత్తితే హోంవర్క్ గురించే. మావాడి కాలేజీలో ఆడుకోవడానికి జానెడు నేల లేదు, అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగు, సెల్లార్ నిండా బైకులు. ఫీజు రసీదులో మాత్రం స్పోర్ట్స్ అని ఒక లైను ఉంటుంది. అది వేరే కథ.

స్పెయిన్ 2-1తో గెలిచింది. గెలిచాక యమాల్ కెమెరాలోకి చూసి "మాట్లాడు, ఇప్పుడు మాట్లాడు" అని అరిచాడు. అది పొగరే, కాదనను. కానీ ముందే నోరు చేసుకుని, ఆ ఒత్తిడి నెత్తిన పెట్టుకుని, ఆ మనిషినే తప్పించి గోల్ కొట్టడం వినయంతో అయ్యే పనేనా? బోయాన్‌ని గుర్తుచేసుకోండి. అదే బార్సిలోనా క్లబ్బు, అంతే చిన్న వయసు, ఎవర్నీ ఒక్క మాట అనని పిల్లాడు. ఆందోళన తట్టుకోలేక 2008 యూరోకి వెళ్ళలేకపోయాడు.

అన్నిటినీ వెనకేసుకు రావట్లేదు. పద్దెనిమిదో పుట్టినరోజు పార్టీకి మరుగుజ్జుల్ని వినోదానికి పిలిపించాడన్న గొడవ నాకూ మింగుడుపడలేదు. అది పొగరు కాదు, పక్కన చెప్పేవాళ్ళు లేకపోవడం.

ఇక డబ్బు సంగతి. బార్సిలోనాతో 2031 దాకా ఒప్పందం, వంద కోట్ల యూరోల రిలీజ్ క్లాజ్, అంటే అంత కడితేనే వేరే క్లబ్బు మధ్యలో తీసుకుపోగలదు. స్పెయిన్‌లో ఆటగాళ్ళ ఒప్పందాల్లో ఇలాంటి క్లాజ్ మామూలే, కాబట్టి దాన్ని ధర అనుకోవద్దు, "అమ్మబడదు" అని గోడ మీద రాయించడం లాంటిది. అసలు సరుకు ఆ వేళ్ళ సైగ. గోల్ కొట్టగానే 304 చూపిస్తాడే, అది వాడు పెరిగిన మతారోలోని రోకాఫోండా పేట పిన్‌కోడ్ 08304లో చివరి మూడంకెలు. తండ్రిది మొరాకో, తల్లిది ఈక్వటోరియల్ గినియా. వలసొచ్చిన కార్మికులుండే పేట. ఆ సైగ ఇప్పుడు మా మల్కాజిగిరి పిల్లలు గల్లీ క్రికెట్‌లో వికెట్ తీసినా చేస్తున్నారు! ఇంతకంటే బ్రాండ్ ఏముంటుంది? మెస్సీ మౌనం అమ్ముడైంది, వీడి నోరు అమ్ముడవుతుంది.

బ్రాండ్ ముందొచ్చి ఆట రాకపోతే మాత్రం అమెరికా కుర్రాడు ఫ్రెడ్డీ అడూలా అవుతారు. పదమూడేళ్ళకే నైకీ పది లక్షల డాలర్లిచ్చింది, తర్వాత దేశాలు పట్టుకు తిరిగాడు. యమాల్‌కి ఆ భయం లేదు, ఆట ముందే చూపించాడు. నా భయం బార్సిలోనాలోనే ఆడిన అన్సు ఫాతీలా అవుతాడేమోనని. మెస్సీ వెళ్ళాక పదో నంబరు వాడికే ఇచ్చారు, కానీ మోకాలు సహకరించలేదు. అదే చొక్కా 2025లో యమాల్‌కి ఇచ్చారు. ఆ సెప్టెంబరులోనే స్పెయిన్ జట్టు నొప్పి మాత్రలిచ్చి ఆడించిందని బార్సిలోనా కోచ్ ఫ్లిక్ బాహాటంగా కోప్పడ్డాడు. గజ్జల నొప్పితో కొన్ని మ్యాచ్‌లు పోయాయి. ఆ కుర్రాడు క్లబ్బుకీ కావాలి, దేశానికీ కావాలి, ప్రకటనలకీ కావాలి, సెలవు మాత్రం ఎవరూ ఇవ్వరు.

మొన్న అక్కావాళ్ళింటికి వెళ్తే బావ పేపర్ మడిచి అడిగాడు: "ఆ హోంవర్క్ కుర్రాడికి నొప్పి తగ్గిందా?"