అమెరికా ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో "ప్యాట్ డౌన్" అంటే ఏంటి? ఫ్రిస్కింగ్, ఇదీ ఒకటేనా?

మీ అత్తగారికి మోకాలి చిప్ప మార్పిడి అయింది, మొదటిసారి అమెరికా వస్తున్నారు, ఎవరో "మెటల్ ఉంటే ప్యాట్ డౌన్ చేస్తారట" అని చెప్పి ఆవిడని హడలగొట్టారు అని రాశారు కదా. మా అమ్మకి రెండు మోకాళ్ళలోనూ మెటల్ ఉంది, ఆవిడని వెంటపెట్టుకుని ఇక్కడ డొమెస్టిక్ ఫ్లైట్లు ఎక్కుతూనే ఉంటా కాబట్టి పక్కన నిలబడి చూసింది చెప్తా.

ప్యాట్ డౌన్ అంటే ఒంటి మీద బట్టలు అలాగే ఉండగా పైనుంచి చేతులతో తడిమి చూడటం, అంతే. బట్టలు విప్పించేదాన్ని స్ట్రిప్ సెర్చ్ అంటారు, అది పూర్తిగా వేరే సంగతి, మామూలు చెకింగ్ లైన్ లో దాని ఊసే ఉండదు. మిమ్మల్ని భయపెట్టినవాళ్ళు ఈ రెండూ కలిపేసి ఉంటారని నా అనుమానం.

చేసే పని చూస్తే ఫ్రిస్కింగ్, ఇదీ ఒకటే. మన దగ్గర శంషాబాద్ లో మెటల్ డిటెక్టర్ డోర్ ఫ్రేమ్ దాటాక సీఐఎస్ఎఫ్ వాళ్ళు పీట మీద నిలబెట్టి, చేతులు చాపమని, డిటెక్టర్ తిప్పుతూ చేత్తో కూడా చూస్తారు కదా, ఆడవాళ్ళకైతే కర్టెన్ వెనక లేడీ కానిస్టేబుల్ చూస్తుంది, మనం దాన్ని ఫ్రిస్కింగ్ అంటాం, సినిమా హాల్ దగ్గరా అదే మాట. అమెరికాలో మాత్రం ఫ్రిస్క్ అంటే కాస్త పోలీసు భాష. 1968లో టెర్రీ వర్సెస్ ఒహాయో అనే కేసులో అక్కడి సుప్రీం కోర్టు, ఎవరైనా నేరానికి దిగుతున్నారని, వాళ్ళ దగ్గర ఆయుధం ఉందని సరైన అనుమానం ఉంటే పోలీసులు ఆపి పైబట్టల మీద తడిమి చూడొచ్చు అంది, అప్పట్నించి "స్టాప్ అండ్ ఫ్రిస్క్" అంటే రోడ్డు మీద పోలీసు వ్యవహారమే గుర్తొస్తుంది జనానికి. అందుకే ఎయిర్‌పోర్ట్ లో టీఎస్ఏ (ఇక్కడ ప్రయాణికుల చెకింగ్ చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ నోట ప్యాట్ డౌన్ అనే వినపడుతుంది.

అసలు తేడా మాటలో కాదు, ఎవరికి చేస్తారు అన్నదాంట్లో ఉంది. మన దగ్గర దాదాపు లైన్ లో ఉన్న అందరినీ తడుముతారు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మిషన్ లో ఏదైనా కనపడితేనో, రాండమ్ గా పేరొస్తేనో, స్కానర్ వద్దు అంటేనో చేస్తారు, అందుకని "నన్నే ఎందుకు ఆపారు" అని మనవాళ్ళు బెంబేలెత్తిపోతారు. బోర్డింగ్ పాస్ మీద నాలుగు ఎస్ లు పడినా చేస్తారు, అంటే అదనపు తనిఖీకి ముందే ఎంపిక చేశారని, అప్పుడు బ్యాగులు కూడా విప్పి చూస్తారు. ఇంకా ఈ భయం కథలు ఎక్కువగా 2010 నాటివి, ఆ ఏడాది టీఎస్ఏ వాళ్ళు పద్ధతి మార్చి బాగా గట్టిగా తడమడం మొదలుపెడితే అమెరికా వాళ్ళే పెద్ద గొడవ చేశారు.

ఇక మీ అత్తగారి సంగతి. మోకాళ్ళలో మెటల్ కి డోర్ ఫ్రేమ్ అరుస్తుంది, అది ఖాయం అనుకోండి. చేతులు పైకెత్తి నిలబడే బాడీ స్కానర్ ఉంటే ఆ బెడద తక్కువ, ఎందుకంటే అది ఒంటి లోపలికి చూడదు, బట్టల కింద ఏముందో చూస్తుంది, తెర మీద బొమ్మలో ఎక్కడ పసుపు డబ్బా పడిందో ఆ చోటు మాత్రమే తడుముతారు. మా అమ్మకి మోకాళ్ళ దగ్గర కంటే చీర కుచ్చిళ్ళ దగ్గర, జుట్టు ముడి దగ్గరే ఎక్కువసార్లు పడింది! పిన్నీసులు, జడపిన్నులు వీలైనంత తగ్గించమనండి, చుడీదార్ వేసుకుంటే ఇంకా సుఖం కానీ ఆ మాట మా అమ్మకి చెప్పి గెలిచినవాళ్ళు లేరు. పుస్తెలతాడు తియ్యమంటారేమో అని కూడా బెంగ పెట్టుకుంటారు, మా అమ్మది ఎవరూ తీయించలేదు, మహా అయితే దాని మీద చెయ్యి పెట్టి చూశారు.

అక్కడ వినపడే మాటలు ముందే చెప్పి పెట్టండి. "ఫీమేల్ అసిస్ట్" అని గట్టిగా అరుస్తారు, అది తిట్టేం కాదు, ఆడ ఆఫీసర్ ని పిలుస్తున్నారు, ఎందుకంటే ఆడవాళ్ళని ఆడవాళ్ళే తడమాలి. ఆవిడ వచ్చి ఏం చేయబోతుందో ముందు చెప్తుంది, నొప్పి ఉన్న చోట్లు ఏమైనా ఉన్నాయా అని అడుగుతుంది, అప్పుడు మోకాళ్ళు చూపించి "నీ (knee) రీప్లేస్‌మెంట్" అంటే చాలు. ఛాతీ, పిరుదుల లాంటి చోట్ల మామూలుగా అరచేత్తో కాకుండా చేతి వెనక వైపుతో చూస్తారు. అయిపోయాక తన గ్లవ్స్ ని ఒక బట్టముక్కతో తుడిచి మిషన్ లో పెడుతుంది, పేలుడు పదార్థాల ఆనవాళ్ళ కోసం, అది ఓకే అయ్యేదాకా అక్కడే నిలబడాలి.

అందరి ముందూ ఇబ్బంది అనిపిస్తే "ప్రైవేట్ స్క్రీనింగ్ ప్లీజ్" అనాలి, ఈ మూడు మాటలూ ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చినా పర్లేదు. గదిలోకి తీసుకెళ్తారు, ఇంకో ఆడ ఆఫీసర్ కూడా ఉంటుంది, మనవాళ్ళు ఒకర్ని తోడు తీసుకెళ్ళొచ్చు.

ఇంకో గందరగోళం, ఇమిగ్రేషన్ దగ్గర "సెకండరీ" అంటే అది ప్యాట్ డౌన్ కాదు, పక్క గదిలో కూర్చోబెట్టి వీసా గురించో బ్యాగులో పచ్చళ్ళ గురించో ఇంకొన్ని ప్రశ్నలు వేయడం, వాళ్ళది టీఎస్ఏ కాదు, వేరే సంస్థ.

ఆవిడకి ఇది ఎక్కడ ఎదురవుతుందంటే, దిగిన ఊళ్ళోనే మీరుంటే వచ్చేటప్పుడు టీఎస్ఏ లైనే తగలదు. అక్కడినుంచి ఇంకో డొమెస్టిక్ ఫ్లైట్ ఉంటే కస్టమ్స్ అయ్యాక మళ్ళీ సెక్యూరిటీలో నిలబడాలి. అబుదాబి మీదుగా అయితే అమెరికా ఇమిగ్రేషన్, సెక్యూరిటీ అంతా అక్కడే అయిపోతాయి. వీల్ చైర్ బుక్ చేసుంటే, లేచి నిలబడలేను అంటే కూర్చున్న చోటే తడిమి చూస్తారు, నాలుగడుగులు వేయగలిగితే స్కానర్ లోకి నడవమంటారు. ఊతకర్ర మాత్రం ఎక్స్‌రేలో పెట్టేస్తారు, అది అవతల తీసుకున్నారో లేదో ఎవరినైనా చూడమనండి, హడావిడిలో బెల్ట్ మీదే వదిలేస్తారు.