మడి పాటించే ఇంట్లో పిల్లిని పెంచుకోవచ్చా?

తిరుపతిలో మూడో అంతస్తు ఫ్లాటు, పిల్లి కావాలని పట్టుబట్టిన తొమ్మిదేళ్ల అమ్మాయి, మడి పాటించే అత్తగారు, ఉద్యోగాలకు వెళ్లే మీరిద్దరూ. మీ ప్రశ్నలో రాసినవాటిలో నిర్ణయం తేల్చేది అత్తగారి సంగతే. ఇంట్లో పెరిగే పిల్లి పన్నెండు పదిహేనేళ్లు బతుకుతుంది, కొన్ని ఇంకా ఎక్కువే. మీ అమ్మాయి ఇంటర్‌కు హాస్టలుకు వెళ్లిపోయినా పిల్లి ఇంట్లోనే ఉంటుంది. పగలంతా దానికి తోడు ఉండేది ఆవిడే కాబట్టి, ముందు అడగవలసిందీ ఆవిడనే.

మాదీ అలాంటి ఇల్లే, బైరాగిపట్టెడలో. పిల్లి వచ్చేదాకా మాంసం గడప దాటి వచ్చింది లేదు. పల్లెలో పిల్లులు పెరుగన్నం తిని పెరగలేదా అన్నది మా అమ్మ వాదన. ఆ పిల్లులు పెరుగన్నం తిన్నమాట నిజమే కానీ, కడుపు నింపుకున్నది గాదె కింద ఎలుకలతో, పెరట్లో తొండలతో. మూడో అంతస్తులో ఆ వేట ఎక్కడిది? మాంసంలో ఉండే టారిన్ అనే పోషకాన్ని పిల్లి శరీరం తనకు చాలినంత తయారుచేసుకోలేదు. అది అందకపోతే చూపు దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడుతుంది. గుండెకూ టారిన్‌కూ ఉన్న ఈ సంబంధాన్ని 1987లో అమెరికాలో పరిశోధకులు బయటపెట్టాక, పిల్లుల మేత తయారుచేసే కంపెనీలు దాన్ని ఎక్కువగా కలపడం మొదలుపెట్టాయి. పాలు కూడా చాలా పిల్లులకు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి.

అంటే మీ ఇంట్లోకి మాంసమో చేపో, కనీసం వాటితో చేసిన పొడి మేతో రాక తప్పదు. దాని వాసన మామూలుగా ఉండదు. మేము గిన్నెలు కడిగే బాల్కనీలో మేతకు ఒక స్టీలు డబ్బా, దానికి విడిగా గరిటె పెట్టుకున్నాం. వంటింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. ఆ డబ్బా మూత అమ్మ ఇప్పటికీ ముట్టదు. మేము ఊళ్లో లేనప్పుడు ఎదురింటి కాలేజీ అబ్బాయి వచ్చి పెట్టి వెళ్తాడు. పిల్లి మాత్రం అమ్మ పక్కనే పడుకుంటుంది, అది వేరే విషయం.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది, బయటివాళ్లకు తట్టదు. దర్శనానికి వచ్చే చుట్టాలు. సుప్రభాత సేవ ఉందని అర్ధరాత్రి లేచి, సంచులు బయట పెడుతూ తలుపు బార్లా తెరిచి ఉంచుతారు. పిల్లి జారుకోవడానికి అంతకంటే మంచి ముహూర్తం ఉండదు. పైగా కొండకు బయలుదేరేటప్పుడు పిల్లి ఎదురైందని మా పెద్దమ్మ వెనక్కి వచ్చి కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరుతుంది. ఇంట్లో పిల్లి ఎదురుకాక ఇంకేం ఎదురవుతుంది!

బాల్కనీకి పావురాల కోసం కట్టే నైలాన్ వల చాలదు, పళ్లతో కొరికేస్తుంది. ఇనుప జాలీ వేయించండి. పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక ట్రే రోజూ శుభ్రం చేయాలి, ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఇంకొకరు చేయాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఐదారు నెలల వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. వైద్యానికి మనకు పశువైద్య విశ్వవిద్యాలయమే ఊళ్లో ఉంది. అక్కడ కుక్కలు, ఆవుల మధ్య వరుసలో కూర్చోవాలి కాబట్టి మూత ఉన్న బుట్టలో, పైన గుడ్డ కప్పి తీసుకువెళ్లండి. ఒళ్లు వెచ్చగా ఉందని అత్తగారి మందుల డబ్బాలోంచి పారాసెటమాల్ మాత్రం వేయకండి. పిల్లి ప్రాణానికే ముప్పు.

తెచ్చుకునే ముందు ఒక పని చేయండి. సంక్రాంతికి ఊరెళ్లే స్నేహితులెవరికైనా పిల్లి ఉంటే ఆ కొద్ది రోజులు మీ ఇంట్లో ఉంచుకోండి. వాసన, ఇసుక, తెల్లవారుజామున అరుపులు అన్నీ అత్తగారికి తెలిసివస్తాయి. ఆ తర్వాత సరే అంటే, కూన కాకుండా ఆపరేషన్ అయిన పెద్ద పిల్లిని తెచ్చుకోండి. దాని స్వభావం ముందే తెలుస్తుంది, పరదాలు కూడా కొంత దక్కుతాయి. వద్దంటే ఆ మాట అమ్మాయికి మీరే చెప్పండి, నానమ్మ వద్దన్నదని మాత్రం చెప్పకండి.