వాటర్‌ప్రూఫ్ అని అమ్మిన టెంటు వానకు కారితే డబ్బు వాపసు వస్తుందా?

సందేహం: మాది హనుమకొండ. భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మతో కలిసి వానాకాలంలో లక్నవరం వైపు ఒక రాత్రి ఉండి రావాలని ఆన్‌లైన్‌లో రూ.14,500 పెట్టి ఆరుగురు పట్టే టెంటు కొన్నాను. ‘60 సెకన్లలో సిద్ధం, భారీ వర్షంలోనూ పూర్తి వాటర్‌ప్రూఫ్’ అని ప్రకటనలో ఉంది. టెంటు చేతికందిన ఇరవై రోజులకు మొదటిసారి వేశాం. లోపలి గుడారం నిమిషంలోనే లేచింది గానీ, పైన కప్పే షీటును విడిగా కట్టేలోపు అదంతా తడిసిపోయింది. రాత్రి కుట్ల వెంట నీళ్లు కారాయి, ఒక రాడ్డు జాయింటు దగ్గర విరిగింది, చిన్నబాబుకు జ్వరం వచ్చింది. ‘ఏడు రోజుల రిటర్న్ గడువు దాటింది, వాడిన వస్తువును తీసుకోం, గాలివానకు జరిగిన నష్టం వారంటీలోకి రాదు, ఏ వివాదమైనా బెంగళూరు కోర్టుల్లోనే’ అని అమ్మినవారు అంటున్నారు. నా డబ్బు వస్తుందా? మరొకటి కొనాలంటే ఏం చూసుకోవాలి?

సమాధానం: మీ ఫిర్యాదుకు బలం ఉంది. అయితే మీరు రాసిన అన్ని అంశాలకూ ఒకే బలం లేదు.

ముందుగా ఏడు రోజుల గడువు సంగతి. వస్తువు నచ్చకపోయినా, సైజు సరిపోకపోయినా వెనక్కి పంపేందుకు అమ్మకందారు ఇచ్చే సౌకర్యం వేరు, లోపమున్న వస్తువు విషయంలో కొనుగోలుదారుకు చట్టం ఇచ్చే హక్కు వేరు. ఈ–కామర్స్ సంస్థలకు వర్తించే 2020 నాటి వినియోగదారుల రక్షణ నిబంధనల్లోని 6వ నిబంధన ప్రకారం, వస్తువులో లోపం ఉన్నప్పుడు గానీ, ప్రకటనలో చెప్పిన లక్షణాలు అందులో లేనప్పుడు గానీ, దానిని వెనక్కి తీసుకోవడానికి లేదా డబ్బు తిరిగి ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించరాదు. వినియోగదారుల రక్షణ చట్టం–2019లోని సెక్షన్ 2(47) కూడా అలాంటి నిరాకరణను అనుచిత వ్యాపార పద్ధతిగానే లెక్కిస్తుంది. కాకపోతే అది బిల్లులో పేర్కొన్న గడువు గురించి, గడువు పేర్కొనకపోతే 30 రోజుల గురించి మాట్లాడుతుంది కనుక, ఆ మాటను పట్టుకొని తమ ఏడు రోజుల షరతును సమర్థించుకోవడానికి అవతలివారు ప్రయత్నిస్తారు. అందువల్ల మీ ఫిర్యాదును ఆ ఒక్క సెక్షన్ మీద నిలబెట్టకుండా, సెక్షన్ 2(10)లోని ‘లోపం’ నిర్వచనం మీద, పైన చెప్పిన 6వ నిబంధన మీద నిలబెట్టండి. వాడిన తర్వాతే బయటపడే లోపాన్ని వాడకముందే చెప్పలేదేమని అడగడంలో న్యాయం లేదు.

‘గాలివాన నష్టం వారంటీలో రాదు’ అన్న వాదన నా దృష్టిలో వారికే ఎదురు తిరుగుతుంది. భారీ వర్షానికి తగినదని పెద్ద అక్షరాల్లో ప్రకటించి, వాన వల్ల కలిగే నష్టానికి బాధ్యత లేదని వారంటీ కార్డులో చిన్న అక్షరాల్లో రాస్తే, ఆ రెండు మాటలూ కలిసి నిలవవు. ప్రకటనలోని ప్రధాన వాగ్దానాన్ని డిస్‌క్లెయిమర్ (బాధ్యత లేదంటూ రాసే మాట) ఖండించరాదని తప్పుదారి పట్టించే ప్రకటనలపై 2022లో కేంద్రం జారీ చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘భారీ వర్షం’ అనే మాటకు కూడా కొలత ఉంది. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వర్షాన్ని భారత వాతావరణ శాఖ భారీ వర్షంగా పేర్కొంటుంది. మండలాలవారీ వర్షపాతాన్ని రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సొసైటీ నమోదు చేస్తుంది కాబట్టి, మీరు టెంటు వేసిన రోజు లక్నవరం ఉన్న గోవిందరావుపేట మండలంలో కురిసిన వాన ఆ పరిమితిలోపే ఉంటే ఆ అంకెను ఫిర్యాదుకు జతచేయండి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసినట్టు కురిసి ఉంటే మాత్రం, ఏ టెంటు మీదా ఫిర్యాదు నిలబెట్టడం కష్టమే.

అవతలివారు ఎక్కువగా ఆశ్రయించగల వాదన మరొకటి ఉంది: ‘అది కారిన నీరు కాదు, మీ ఊపిరి ఆవిరే బట్టకు పట్టి చుక్కలైంది’ అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. వానాకాలంలో ఐదుగురు పడుకున్న మూసిన గుడారంలో, ముఖ్యంగా ఒకే పొర ఉన్నదాంట్లో, తెల్లవారేసరికి లోపలి బట్టంతా చెమ్మగిల్లుతుంది. అయితే ఆవిరి తడి బట్టంతటా సమంగా పరుచుకుంటుంది, కారే నీరు మాత్రం కుట్టు వెంట గీతగా దిగుతుంది. ఆ తేడా కనిపించే వీడియో మీ దగ్గర ఉంటే అదే మీ ప్రధాన సాక్ష్యం. ఫోన్‌లోని అసలు ఫైలును చెరపవద్దు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం దానికి ధ్రువపత్రం జతచేస్తే అభ్యంతరాలకు తావుండదు. టెంటును ఆరబెట్టి, కుట్లు వేయించకుండా, విరిగిన రాడ్డుతో సహా అలాగే భద్రపరచండి. పరీక్ష లేకుండా లోపం తేలదని వినియోగదారుల కమిషన్ భావిస్తే, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపుతుంది. అప్పటికి మీరు మైనం పూసి, టేపులు అంటించి ఉంటే కేసు అక్కడే బలహీనపడుతుంది.

బాబు జ్వరానికి పరిహారం అడగవచ్చు గానీ, నేనైతే దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోను. ఉత్పత్తి బాధ్యత (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి తయారీదారు, అమ్మకందారు వహించే బాధ్యత) కింద శారీరక హాని కూడా వస్తుంది. అయితే ఆ జ్వరం టెంటు లోపం వల్లే వచ్చిందని వైద్యపరంగా చూపడం సులభం కాదు, పైగా ఫిర్యాదులో అతి కనిపిస్తే నిజమైన భాగం కూడా పలచబడుతుంది. టెంటు ధర, వడ్డీ, మానసిక వేదనకు సమంజసమైన మొత్తం, ఖర్చులు – ఇంతవరకు అడగండి.

బెంగళూరు షరతుకు భయపడనవసరం లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటనే ఫిర్యాదు వేయవచ్చని 2019 చట్టంలోని సెక్షన్ 34 చెబుతుంది కనుక, వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లండి. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. ముందుగా అమ్మకందారుకూ, అమ్మకానికి వేదికైన వెబ్‌సైటు గ్రీవెన్స్ అధికారికీ లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపండి. ఆ అధికారి 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెలలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించడమూ మంచిదే, చాలా వివాదాలు ఆ దశలోనే తెగుతాయి. ఒక జాగ్రత్త: టెంటు ఎక్కడ వేశారో మీ అఫిడవిట్‌లో రాయవలసి వస్తుంది. అది ఏటూరునాగారం అభయారణ్యం హద్దుల్లో, అటవీశాఖ అనుమతి లేకుండా అయితే, టెంటు లోపం లోపంగానే ఉంటుంది గానీ మీకు వేరే చిక్కు మొదలవుతుంది.

ఇక కొత్త టెంటు గురించి. నేను టెంట్ల నిపుణుణ్ణి కాను. కానీ రేపు కమిషన్ ముందు రుజువు చేయగల మాటలు ఏ టెంటు మీద ఉన్నాయో చూసి కొనమని మాత్రం చెప్పగలను. ‘అద్భుతం’, ‘కుటుంబానికి సరైనది’, ‘ఏ వాతావరణమైనా’ వంటి మాటలను అమ్మకపు పొగడ్తలని కొట్టిపారేయవచ్చు, అంకెను అలా కొట్టిపారేయలేరు. బట్ట ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపుతుందో మిల్లీమీటర్లలో రాస్తారు. 1,500ను కనీసంగా చెప్పుకుంటారు, మన వానలకు పైకప్పు 3,000 దరిదాపుల్లో ఉన్నది చూసుకోండి. మోకాళ్లు, ఒళ్లు ఆని ఒత్తిడి పెరిగే అడుగు షీటుకు 5,000 ఉంటే నిశ్చింత. పైకప్పుకూ అడుగుకూ వేర్వేరుగా అంకెలు ఇవ్వని కంపెనీని నేను నమ్మను. ఈ మిల్లీమీటర్లకూ వర్షపాతం మిల్లీమీటర్లకూ సంబంధం లేదు. ‘రెండు వేలు ఆపుతుంది, ములుగు రికార్డు వానే ఆరువందల యాభై’ అని ఎవరైనా చెబితే అది తప్పుడు లెక్క. పైగా ఆ అంకె బట్టకే గానీ కుట్లకు కాదు, అందుకే కుట్లన్నిటికీ లోపలివైపు టేపు వేశారని స్పష్టంగా రాసి ఉండాలి.

నిమిషంలో లేచే టెంట్లలో మీకు తగిలిన దెబ్బ చాలామందికి తగిలేదే. ఆ నిమిషం లోపలి గుడారానికే చెల్లుతుంది. పై షీటు, తాళ్లు, మేకులు ఆ లెక్కలో ఉండవు. వాన కోసం కొనేవారు పై షీటు లోపలి గుడారంతో కలిసే లేచేదాన్ని, అది నెత్తిన టోపీలా కాక నేల దాకా దిగేదాన్ని ఎంచుకోవాలి. చుట్టి విసిరితే విచ్చుకునే రకం తేలికే గానీ గాలికి నిలిచేది తక్కువ. గొడుగులా తెరుచుకునే రకం గట్టిదే అయినా దాని బలహీనత జాయింట్లలో ఉంటుంది కనుక, విడిభాగాలు దొరుకుతాయో లేదో కొనేముందే రాతపూర్వకంగా అడగండి. గాలి నింపే రకానికి రాడ్లు ఉండవు, పంపు, వాల్వులు ఉంటాయి, ధర ఎక్కువ. ఆరుగురికని రాసినది పక్కపక్కనే ఇరుక్కుని పడుకునే లెక్క, సామానుతో ఐదుగురికి అదే సరిపోతుంది.

వరంగల్ చౌరస్తాలోని దుకాణంలో కొంటే మీకు మరో అవకాశం ఉంది. వానలో కుటుంబంతో ఉండటానికని చెప్పి, ‘వర్షాకాలపు వాడకానికి’ అన్న ఒక్క ముక్క బిల్లు మీద రాయించుకోండి. వస్తు విక్రయ చట్టం–1930లోని సెక్షన్ 16 ప్రకారం, కొనేవారు అవసరాన్ని తెలిపి అమ్మేవారి నైపుణ్యం మీద ఆధారపడినప్పుడు వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలన్నది షరతుగా మారుతుంది. మీరే ఫలానా బ్రాండు ఇమ్మని అడిగి తీసుకుంటే ఆ రక్షణ చాలావరకు పోతుంది. ఆన్‌లైన్‌లోనైతే ఆర్డరు పెట్టిన రోజే ప్రకటన పేజీని, వారంటీ షరతులను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, ఎందుకంటే ఆ పేజీ తర్వాత మారిపోవచ్చు. ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం ఉన్నాయో లేదో చూడండి, అవి లేకపోతే రేపు నోటీసు ఎవరికి పంపాలో కూడా తెలియదు.

టెంటు రాగానే రిటర్న్ గడువులోపే డాబా మీద వేసి, పై షీటూ తాళ్లూ అన్నీ కట్టి, పైపుతో అరగంట నీళ్లు పోసి, ఆ మొత్తాన్ని వీడియో తీయండి. ఎక్కడైనా కారితే ఆ రోజే ఈమెయిల్‌లో తెలియజేయండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.