పుస్తకం మూసే వేళ

చిరంజీవి చైతన్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "రోజంతా ఏదో చేస్తూనే ఉంటాను పెద్దమ్మా, రాత్రి చూసుకుంటే ఏమీ చేసినట్టుండదు. కాసేపు ఆడుకుందామని వెళ్తే అక్కడా మనసు నిలవదు, తప్పు చేస్తున్నట్టుంటుంది" అని రాశావు. ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని, ఈ మాట చాలామంది నోట విన్నాను. బద్ధకస్తుల నోట మాత్రం ఒక్కసారీ వినలేదు. కాబట్టి ముందు నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపు.

ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ఆఫీసు మూసే వేళంటూ ఒకటుంటుంది. చదువుకునేవాళ్లకు అది లేదు. ఎంత చదివినా ఇంకో చాప్టర్ మిగిలే ఉంటుంది. అందుకే చదువు నీ వెంట భోజనం దగ్గరికి వస్తుంది, స్నేహితుల దగ్గరికి వస్తుంది, చివరికి పక్క మీదికీ వస్తుంది. పుస్తకం ముందు కూర్చుంటే ఫోన్ మీద ధ్యాస, ఫోన్ పట్టుకుంటే పుస్తకం మీద బెంగ. ఇవాళ్టికి ఇక చాలు అని చెప్పేవాళ్లు ఎవరూ లేరు నీకు. ఆ మాట నీకు నువ్వే చెప్పుకోవాలి, అదీ గడియారం చూసి.

నాకు తోచింది ఇది. రోజూ చదువు ముగించే వేళ ఒకటి పెట్టుకో. తొమ్మిదిన్నరో, పదో, నీ ఇష్టం. ఆ వేళకు ఐదు నిమిషాల ముందు, రేపు పొద్దున మొట్టమొదట ఏం చేయాలో ఒక్క లైను కాగితం మీద రాసి పుస్తకం మూసెయ్. మొదటి వారం ప్రాణం కొట్టుకుంటుంది. "ఇంకో అరగంట చదివితే పోయేదేముంది" అనిపిస్తుంది. పోయేది ఆ వేళకున్న విలువే, నాన్నా. రెండు రోజులు మీరితే మూడో రోజు నీ మాట నువ్వే నమ్మవు.

అంత తొందరగా ముగిస్తే పని ఎలా అవుతుందంటావా? లెక్క వేద్దాం. వారానికి 168 గంటలు. రోజుకు 8 గంటల నిద్ర తీసేస్తే 112 మిగులుతాయి. నువ్వు చెప్పినట్టు క్లాసులు 22, పార్ట్ టైం ఉద్యోగం 15. స్నానాలు, భోజనాలు, రాకపోకలు అన్నీ కలిపి 28 వేసుకున్నా ఇంకా 47 గంటలున్నాయి. అందులో 25 చదువుకిచ్చినా 22 గంటలు పూర్తిగా నీవి. నిజజీవితం ఇంత శుభ్రంగా ఉండదని నాకూ తెలుసు. అయినా కాగితం మీద ఒకసారి చూసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఈ లెక్కలో నిద్రని ముందే తీసేశాను, గమనించావా? మిగిలినవాటికి పోగా దొరికితే పడుకుందాం అనుకుంటే అది ఎప్పటికీ దొరకదు. నీ వయసువాళ్లకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలని నిద్ర నిపుణులు చెబుతారు. చదివింది మెదడులో కుదురుకునేదీ ఆ నిద్రలోనే. డిగ్రీ ఆఖరి ఏడాదిలో నేను రాత్రంతా మేలుకుని చదివి పరీక్షకు వెళ్లాను. అడిగిన ప్రశ్న ఒకటి, నాలుగు పేజీలు నేను రాసిన జవాబు ఇంకొకటి. రాని ప్రశ్నేమీ కాదు, సరిగ్గా చదవలేదంతే. ఇంకో మాట, సాయంత్రం కాఫీ మానెయ్. ఐదు గంటలకు తాగినదానిలోని కెఫీన్ రాత్రి పదింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

ముగింపు వేళని ఎక్కువగా పాడుచేసేది మన ఆశే. మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. వాళ్లు సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. 1994లో అచ్చయిన సంగతి ఇది, ఇవాళ అడిగినా తేడా ఉండదనుకుంటాను. కాబట్టి అసైన్‌మెంట్ రెండు గంటల్లో అవుతుందని తోస్తే మూడు గంటలు రాసుకో. ముందే అయిపోతే పండగ చేసుకో.

చదివే పద్ధతి కూడా కాస్త మార్చు. రంగు పెన్నుతో గీతలు గీస్తూ అదే పేజీని నాలుగుసార్లు చదవడం నాకు తెలుసు, నేనూ చేశాను. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత కాగితం మీద రాయి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు ఇదే పరీక్షించి చూశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. మళ్లీ చదవడం మనకు అంత హాయిగా ఎందుకుంటుందో ఆ ఐదు నిమిషాల్లోనే తెలుస్తోంది. నీ పరీక్ష ఐదు నిమిషాల్లో లేదుగా!

ఉద్యోగం మానేయమని నేననను. నీ ఖర్చులు నీకున్నాయి. టర్మ్ మొదట్లోనే పరీక్ష తేదీలు మీ మేనేజర్‌కి రాసిచ్చెయ్, ముందురోజు వెళ్లి షిఫ్టు మార్చమని బతిమాలే అవస్థ తప్పుతుంది. పరీక్షల వారంలో ఇదంతా గతి తప్పుతుంది, తప్పనీ. మామూలు రోజులు ఏ తేదీ నుంచి మొదలో మాత్రం ముందే రాసి పెట్టుకో.

ఆటకు ఒంటరిగా బయల్దేరకు. ఎదురుచూసే మనిషి ఉంటే తప్పక వెళ్తావు. పడుకుని ఫోన్ చూడటాన్ని విశ్రాంతి కింద లెక్క వేయకు. నేనూ చూస్తాను, గంట తర్వాత మెడనొప్పితో లేస్తాను.

ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, పొద్దున లేవాలంటేనే దుఃఖం వచ్చినా దాన్ని టైంటేబుల్‌తో సరిచేయాలని చూడకు. కాలేజీ కౌన్సెలర్ దగ్గరికో డాక్టర్ దగ్గరికో వెళ్లు. మీ అమ్మకు చెప్పడానికి మొహమాటమైతే ముందు నాకు చెప్పు.

నువ్వు పెట్టుకున్న వేళ ఏదో నాకు రాయి. ఆదివారం అది దాటాకే ఫోన్ చేస్తాను, చదువు సంగతి అడగను.

నీ
పెద్దమ్మ